మేక మేసింది మాంసంలో ఎంత మిగులుతుంది?

దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు సంతల్లో వేట మాంసం, అంటే మేక మాంసం, బేరాలు వింటే ఒక మాట తప్పకుండా చెవిన పడుతుంది: "ఇది కొండ మేక బాబూ, దాణా మొహం చూడలేదు." ఆ మాటతోనే కిలో ధర పెరుగుతుంది. కొనేవాళ్ళు కిమ్మనకుండా ఇస్తారు. కొండ మీద రకరకాల ఆకులు మేసిన మేక మాంసం మందుతో సమానమనీ, ఊళ్ళో కట్టేసి మేపినదానిలో కండ తప్ప సారం ఉండదనీ నమ్మకం. అదే మనిషి పక్క కొట్లో బ్రాయిలర్ కోడిని తూయించుకుంటూ అది ఏం తిని పెరిగిందని అడగడు. గుడ్లు ట్రేలకి ట్రేలు కొంటూ కోళ్ళ మేత సంగతి తలవనే తలవడు.

నాకు ఈ పట్టింపు తలకిందులుగా కనిపిస్తుంది. జంతువు తిన్న మేత మన పళ్ళెంలోకి ఎంతవరకు వస్తుందన్నది ఆ జంతువు పొట్టని బట్టి ఉంటుంది. మేకలో, గొర్రెలో అది తక్కువగా వస్తుంది. కోడిలో, పందిలో ఎక్కువగా వస్తుంది. గుడ్డులో అన్నిటికన్నా ఎక్కువ. మనం మేక దగ్గర పెట్టే శ్రద్ధలో సగం గుడ్డు దగ్గర పెట్టినా లాభం.

నెమరు పొట్టలో జరిగేది

మేక తిన్న ఆకు నేరుగా మేకకి అందదు. నెమరు వేసే జంతువుల పొట్టలో మొదటి గది చాలా పెద్దది. ఆవులో అయితే వంద లీటర్లు దాటుతుంది. అది ఒక పులియబెట్టే కుండ. అందులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. మేత ముందు వాటికే. అవి పీచుని విరగ్గొట్టి చిన్న ఆమ్లాలుగా మారుస్తాయి, మేకకి శక్తి అక్కణ్ణుంచి వస్తుంది. తర్వాత ఆ సూక్ష్మజీవులే కింది గదుల్లోకి జారి జీర్ణమై మేకకి మాంసకృత్తులు అవుతాయి. ఎండుగడ్డి తిన్నా జంతువుకి కండ పట్టడం వెనక రహస్యం ఇదే.

కొవ్వుల విషయంలో ఈ సూక్ష్మజీవులు ఇంకో పని చేస్తాయి. పచ్చగడ్డిలో, ఆకులో కొవ్వు తక్కువే. తేమ తీసేసి చూస్తే నూటికి రెండు నుంచి నాలుగు పాళ్ళు. కానీ అందులో సగానికి పైగా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం, అంటే ఒమేగా-3 కుటుంబానికి మూలమైన కొవ్వు. మొక్కజొన్నలో, నూనె గింజల చెక్కల్లో ఎక్కువగా ఉండేది లినోలెయిక్ ఆమ్లం, ఇది ఒమేగా-6. కోరాపుట్, రాయగడ కొండల్లో పచ్చగా పూసే వలిసెల నూనె కూడా దాదాపు ఈ కోవదే. ఇలాంటి అసంతృప్త కొవ్వులు ఆ సూక్ష్మజీవులకి పడవు, విషంతో సమానం. అందుకని అవి వాటికి హైడ్రోజన్ తగిలించి సంతృప్త కొవ్వుగా మార్చేస్తాయి. లోపలికి వెళ్ళిన దాంట్లో పదింట ఎనిమిది తొమ్మిది వంతులు ఇలా రూపు మారిపోతుంది. చివరికి మిగిలేది ఎక్కువగా స్టియరిక్ ఆమ్లం.

ఒమేగా-3 నిండిన లేత ఆకు తిన్న మేకలోనూ, తవుడు తిన్న మేకలోనూ కొవ్వు గడ్డకట్టే రకంగానే ఉంటుంది. వేట మాంసం కూర చల్లారితే పైన తెల్లగా పేరుకునే పొర ఇదే. సంతృప్త కొవ్వు అనగానే భయపడక్కర్లేదన్న మాట కూడా ఇక్కడే చెప్పాలి. స్టియరిక్ ఆమ్లం రక్తంలో చెడ్డ కొలెస్టరాల్‌ని ఇంకో సంతృప్త కొవ్వైన పామిటిక్ ఆమ్లం పెంచినట్టు పెంచదు. మేక కొవ్వులో పామిటిక్ కూడా ఉంటుంది కాబట్టి ఇది పూర్తి క్లీన్ చిట్ ఏమీ కాదు.

దారిలో తప్పించుకున్న కొద్దిపాటి ఒమేగా-3 మాంసం దాకా వస్తుంది. అక్కడ మేత తేడా నిజంగానే కనిపిస్తుంది. విదేశాల్లో పశుమాంసం మీద జరిగిన పరిశోధనల్ని 2010లో ఒకచోట కూర్చి చూశారు. పచ్చిక మేసిన పశువుల మాంసంలో ఒమేగా-6కి ఒమేగా-3కి మధ్య నిష్పత్తి సగటున 1.5 దగ్గర, ధాన్యం తిన్నవాటిలో 7.6 దగ్గర తేలింది. వినడానికి ఘనంగా ఉంది. పచ్చిక మాంసం అమ్మేవాళ్ళు ప్రపంచమంతటా ఈ అంకెనే చూపిస్తారు.

నిష్పత్తి వేరు, పరిమాణం వేరు. కొవ్వు తీసేసిన మేక మాంసం వంద గ్రాముల్లో మూడు గ్రాముల కొవ్వు ఉందనుకుందాం. అందులో ఒమేగా-3 నూటికి ఒక పాలు అయితే 30 మిల్లీగ్రాములు. మేత పుణ్యమా అని అది మూడు రెట్లైనా 90 మిల్లీగ్రాములు. అందులోనూ చాలా భాగం మొక్కల రకం ఒమేగా-3, గుండెకీ మెదడుకీ నేరుగా పనికొచ్చే ఈపీఏ, డీహెచ్ఏ రకం కాదు. పెద్దవాళ్ళకి రోజుకి ఆ రెండూ కలిపి 250 మిల్లీగ్రాములు అందాలని యూరప్ ఆహార భద్రతా సంస్థ చెబుతుంది. గోపాలపూర్ తీరం నుంచి వచ్చే నూనె కవళ్ళు (సార్డిన్ చేపలు), కొవ్వు పట్టిన కాలంలో, వంద గ్రాములు తింటే గ్రాముకి పైగా అందుతుంది. కవళ్ళు పేదవాడి చేప అని పేరు. కొండ మేకకి ఇచ్చే అదనపు డబ్బులో కొంత పెడితే ఆ వారానికి సరిపడా ఒమేగా-3 వచ్చేస్తుంది.

ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. ఆ పరిశోధనల్లో "ధాన్యం తిన్న పశువు" అంటే అమెరికాలో పెద్ద దొడ్లలో నెలల తరబడి మొక్కజొన్న మెక్కి కొవ్వు పట్టిన పశువు. మన వైపు అలాంటి మేక ఎక్కడుంది? ఊళ్ళో మేక గుప్పెడు తవుడు, చారెడు చెక్క తిన్నా మిగతా పొట్ట రొట్టతోనే నిండుతుంది. పండగ ముందు కొన్నాళ్ళు కొందరు దాణా పెంచుతారు, అంతే. అక్కడి అంకెలు తెచ్చి ఇక్కడి రెండు మేకలకి అంటిస్తే చెల్లదు.

కొండ మేక పక్షాన ఒక్క మాట చెప్పాలి. చింత, తుమ్మ, రేగు లాంటి చెట్ల ఆకుల్లో వగరు ఇచ్చే టానిన్లు ఉంటాయి. అవి నెమరు పొట్టలోని సూక్ష్మజీవుల పనిని కొంత మందగింపజేస్తాయి, అందువల్ల కొంచెం ఎక్కువ అసంతృప్త కొవ్వు తప్పించుకునే వీలుంది. ప్రయోగాల్లో ఫలితాలు అన్నీ ఒకే దారిన రాలేదు, వచ్చిన తేడా కూడా పెద్దది కాదు. "మందు ఆకులు తిన్నది కాబట్టి మాంసం మందు" అనే వాదనకి ఇది సరిపోదు.

ఛాడఖాయి మేక, చైత్రం మేక

కొవ్వు రకాన్ని వదిలేసి విటమిన్ల దగ్గరికి వస్తే మేత మాట నిలుస్తుంది. కానీ కొండా ఊరూ అనే తేడా కంటే ఆ మేక ఏ నెలలో కోతకి వచ్చిందన్నది పెద్ద తేడా.

పచ్చి ఆకులో విటమిన్ ఇ, బీటా కెరోటిన్ దండిగా ఉంటాయి. కోసి ఎండలో ఆరబెడితే కెరోటిన్ వేగంగా పోతుంది, విటమిన్ ఇ కూడా చాలావరకు పోతుంది. కుప్ప వేసిన వరి గడ్డిలో కెరోటిన్ మిగిలిందని చెప్పడానికే ఉండదు. జూన్‌లో తొలకరి పడ్డాక మన కొండలు పచ్చబడి నవంబర్ దాకా అలాగే ఉంటాయి. సంక్రాంతి దాటాక అడవి ఎండుతుంది. ఫాల్గుణ చైత్రాల్లో మేకలు రాలిన ఇప్పపూలు ఏరుకుంటాయి, ఎండుటాకులు నములుతాయి, కాపరులు కొట్టి పడేసిన రావి, జువ్వి మండలకి ఎగబడతాయి. ఇప్పపువ్వులో చక్కెర ఉంటుంది, శక్తికి బాగుంటుంది, పచ్చి ఆకు చేసే పని మాత్రం చేయదు.

ఇప్పుడు పండగల లెక్క చూడండి. ఒడియావాళ్ళు కార్తీకంలో నీచు ముట్టరు. చివరి అయిదు రోజులు, పంచుక, మరీ కట్టడి. పున్నమి మర్నాడు ఛాడఖాయి. ఆ రోజు మాంసం కొట్ల ముందు వరసలు ఉంటాయి. ఇక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళలో కూడా చాలామంది పక్కింటివాళ్ళతో పాటే కార్తీకం పాటించి ఆ రోజే మళ్ళీ మొదలుపెడతారు. ఆ నవంబర్ మేక అయిదు నెలలు పచ్చి మేత మేసి ఉంటుంది. కనుమ నాటికి కూడా ఫరవాలేదు. కోరాపుట్ వైపు చైత్ర పరబ్ వచ్చేసరికి ఎండు కాలం మధ్యలో ఉంటాం. ఒకే కాపరి, ఒకే కొండ, ఒకే మంద. కానీ ఛాడఖాయికి కోసిన మేకలో ఉండేంత విటమిన్ ఇ చైత్రానికి కోసినదానిలో ఉండదు. అడగాల్సింది కొండ మేకా కాదా అని కాదు, ఇది ఏ నెల అని.

విటమిన్ ఇ వల్ల తినేవాళ్ళకి దక్కే నేరు లాభం చిన్నదే. పల్లీ, నూనెల నుంచి మనకి అంతకంటే ఎక్కువ వస్తుంది. దాని అసలు పని మాంసంలోనే ఉంది. కొవ్వు గాలికి ముక్కిపోకుండా, ఎరుపు త్వరగా గోధుమ రంగుకి తిరగకుండా కాపాడుతుంది. ఐస్ పెట్టెల సౌకర్యం లేని సంతల్లో పొద్దున వేలాడదీసిన మాంసం మధ్యాహ్నానికి ఎలా ఉందన్నది కొంతవరకు ఈ లెక్క. ముక్కిపోవడం వేరు, కుళ్ళడం వేరన్నది మరిచిపోకూడదు. విటమిన్ ఇ సూక్ష్మక్రిములని ఆపదు.

కెరోటిన్ కథ తమాషాగా ఉంటుంది. మేకలు, గొర్రెలు, గేదెలు మేతలోని కెరోటిన్‌ని దాదాపు పూర్తిగా విటమిన్ ఏ గా మార్చేసుకుంటాయి. అందుకే మేక కొవ్వూ, గేదె పాలూ తెల్లగా ఉంటాయి. ఆవు అంత బాగా మార్చుకోలేదు, కాబట్టి ఆవు నెయ్యి పచ్చగా కనిపిస్తుంది. తెల్ల కొవ్వు చూసి "ఇది పచ్చి మేత తినలేదు" అని మేకని తప్పు పట్టడం కుదరదు.

మార్చుకున్న విటమిన్ ఏ కండలో ఉండదు, కార్జంలో దాచుకుంటుంది. మేక ఏం తిన్నదో నమ్మకంగా చెప్పగలిగే భాగం ఏదైనా ఉందంటే అది కార్జమే. పచ్చి కాలంలో నిండుతుంది, ఎండు కాలంలో కొన్ని నెలలపాటు ఆ నిల్వని వాడుకుంటూ వస్తుంది. వంద గ్రాముల కార్జంలో పెద్దవాళ్ళకి చాలా రోజులకి సరిపడా విటమిన్ ఏ ఉండవచ్చు. అంత ఉంది కాబట్టే తొలి నెలల గర్భిణికి కార్జం పదేపదే పెట్టవద్దంటారు, అతి విటమిన్ ఏ బిడ్డకి చేటు. రక్తం పడుతుందని మన ఇళ్ళలో సరిగ్గా వాళ్ళకే ఏరి పెడతాం. అమ్మమ్మల ప్రేమలో లోపం లేదు, మోతాదులోనే జాగ్రత్త కావాలి.

మేతకి లొంగనివి

మాంసం తినడానికి పెద్ద కారణాలు మాంసకృత్తులు, ఇనుము, జింకు, బి12. ఈ నాలుగింటి విషయంలో కొండ మేతకీ ఊరి మేతకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. కండలోని మాంసకృత్తుల అమరిక ఆ జంతువు జన్యువుల్లో రాసి ఉంటుంది. మేత చాలకపోతే మేక బక్కచిక్కుతుంది, కండ తగ్గుతుంది. ఉన్న కండ నాణ్యత మారదు. వంద గ్రాముల్లో ఇరవై గ్రాముల చిల్లర మాంసకృత్తులు అన్ని మేకల్లోనూ ఉంటాయి.

ఇనుము వయసుకీ, తిరుగుడికీ సంబంధించినది. ఎక్కువ తిరిగే కండకి ప్రాణవాయువు నిల్వ చేసే మయోగ్లోబిన్ ఎక్కువ కావాలి, అది ఇనుముతో తయారవుతుంది. కొండలెక్కి దిగిన ముదురు మేక మాంసం ఎర్రగా ఉండటం ఆకుల వల్ల కాదు, కాళ్ళ వల్ల. మేత ఇనుముని మార్చాలంటే దాన్ని బొత్తిగా కరువు చేయాలి. యూరప్‌లో దూడలకి ఇనుము లేని పాల మేత మాత్రమే పెట్టి తెల్లటి మాంసం తీసే పద్ధతి ఉంది, అదీ అలాంటి బలవంతపు పనే. మన వైపు మేక మాంసం పాలిపోయి ఉంటే చాలాసార్లు కారణం పొట్టలో నులిపురుగులు. రక్తం పీల్చే రకం పడితే మేకకే రక్తహీనత వస్తుంది.

బి12 సంగతి విడ్డూరం. దాన్ని మొక్క చేయదు, జంతువు చేయదు. నెమరు పొట్టలోని సూక్ష్మజీవులు చేస్తాయి, అందుకు వాటికి కోబాల్ట్ కావాలి. కోబాల్ట్ నేల నుంచి గడ్డిలోకి వస్తుంది. 1930లలో ఆస్ట్రేలియా తీర ప్రాంతాల్లో నిండా గడ్డి ఉన్నా గొర్రెలు శుష్కించి చచ్చిపోతుంటే వెతగ్గా వెతగ్గా నేలలో కోబాల్ట్ లేదని తేలింది. అలాంటి నేల లేనంతకాలం గడ్డి తిన్నా తవుడు తిన్నా మేక మాంసంలో బి12 ఉంటుంది.

ఈ నాలుగింటినీ పక్కన పెట్టి ఒమేగాల గురించి ఎక్కువ మాట్లాడుకోవడం మన ప్రాంతానికి అంత బాగుండదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒడిశాలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 64 శాతానికి రక్తహీనత ఉంది. మాంసంలోని ఇనుము మన ఒంటికి పావు వంతు దాకా పడుతుంది, చోళ్ళలో (రాగుల్లో), ఆకుకూరల్లో ఉండే ఇనుములో పడేది దానికన్నా చాలా తక్కువ. పైగా అంబలితో పాటు రెండు ముక్కలు మాంసం ఉంటే ఆ చోళ్ళ ఇనుము కూడా ఇంకాస్త బాగా పడుతుంది. అలాంటి ఇంటికి నెలకొకసారి తినే కొండ మేక కంటే వారానికొకసారి తినే ఏ మేకైనా మంచిదే.

మేతకన్నా జాతి, వయసు, మగతనం ఎక్కువ తేడా తెస్తాయి. దక్షిణ ఒడిశాలో గొల్లలు మందలుగా పెంచే గంజాం మేక పొడుగు కాళ్ళది, తిరిగి మేసే రకం. కట్టేస్తే దానికి నప్పదు. ఒడియావాళ్ళు ఇష్టపడే ఖాసీ, అంటే విత్తు కొట్టిన పోతు, కొవ్వు ఎక్కువ పట్టి మెత్తగా ఉడుకుతుంది. మేకపోతు మాంసంలో వచ్చే ఘాటు వాసన మగ జంతువుకి సహజమైన కొన్ని కొవ్వు ఆమ్లాల వల్ల, మేత వల్ల కాదు. మేత వల్ల వచ్చే వాసన వేరే ఉంది, పచ్చిక మేసిన వాటి కొవ్వులో కాస్త పసరు వాసన తగులుతుంది. కొందరికి అదే రుచి.

కోడి ఏది తింటే అది

కోడికీ పందికీ నెమరు పొట్ట లేదు. తిన్న కొవ్వు పెద్దగా రూపు మారకుండానే ఒంట్లో చేరుతుంది. మొక్కజొన్న, సోయా దాణా తిన్న బ్రాయిలర్ కొవ్వులో ఒమేగా-6 అయిదో వంతు దాకా ఉంటుంది. దాణాలో అవిసె గింజలు కలిపితే ఒమేగా-3 పెరుగుతుంది, చేపపొడి కలిపితే డీహెచ్ఏ పెరుగుతుంది. పందుల పెంపకం తెలిసినవాళ్ళకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. తవుడు ఎక్కువ పెట్టిన పంది కొవ్వు జిడ్డుగా, మెత్తగా కారిపోతుంది. సారా తీసిన మడ్డి, గంజి, దుంపలు తిన్నదాని కొవ్వు గట్టిగా ఉంటుంది.

బ్రాయిలర్ మీద ఉన్న అపోహ ఒకటి తీసేద్దాం. అయిదారు వారాల్లో రెండు కిలోలు తూగేది హార్మోన్ ఇంజక్షన్ వల్ల కాదు. దశాబ్దాల పాటు త్వరగా పెరిగే వాటినే ఏరి జత కట్టించడం వల్ల, సరైన పాళ్ళలో కలిపిన దాణా వల్ల. లక్షల కోళ్ళకి రోజూ ఎవరు సూది గుచ్చుతారు? భయపడాల్సింది యాంటీబయాటిక్‌ల గురించి. మనుషుల ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆఖరి ఆయుధంగా వాడే కొలిస్టిన్‌ని దాణాలో పెరుగుదల కోసం వాడుతుంటే 2019లో కేంద్రం ఆహార జంతువుల్లో దాన్ని నిషేధించింది.

దాణా కోడిలో "ఏమీ ఉండదు" అనడం కూడా తప్పు. కంపెనీ దాణాలో విటమిన్ ఏ, డి, ఇ, బి12, సెలీనియం కొలిచి కలుపుతారు. సెలీనియం విషయంలో బ్రాయిలర్ నాటుకోడిని మించిపోవచ్చు. నాటుకోడికి ఉన్న బలం వేరే చోట. అయిదారు నెలలు తిరిగి పెరుగుతుంది కాబట్టి కొవ్వు తక్కువ, ఎరుపు ఎక్కువ, కీళ్ళ దగ్గర జిగురు ఎక్కువ. పులుసు చిక్కగా రావడం అందుకే. మాంసకృత్తులు రెండింటిలోనూ ఒకటే. సంతలో రంగురంగుల ఈకలతో కనిపించేవన్నీ నాటువి కావన్న సంగతి కూడా తెలిసి ఉండాలి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో పెరటి పెంపకం కోసం తయారుచేసిన వనరాజా జాతి కోళ్ళు ఇక్కడ ఊరూరా ఉన్నాయి. మంచి కోడే, నాటుకోడి ధర పెట్టాల్సినది మాత్రం కాదు.

చర్మం పసుపు చూసి కూడా మోసపోవద్దు. పసుపు రంగు మొక్కజొన్నలోని, ఆకుల్లోని రంగు పదార్థాల వల్ల వస్తుంది. బంతిపువ్వు సారం దాణాలో కలిపినా వస్తుంది. పచ్చసొన రంగుదీ ఇదే తంతు. ముదురు నారింజ సొన అంటే ఎక్కువ రంగు అని మాత్రమే అర్థం.

గుడ్డు

గుడ్డు దగ్గర మేత ప్రభావం దాదాపు వెంటనే కనిపిస్తుంది. మేత మార్చిన రెండు మూడు వారాల్లో సొనలోని కొవ్వులు మారిపోతాయి. కోడికి ఇంకో గుణం ఉంది. ఆకుల్లోని మొక్క రకం ఒమేగా-3ని డీహెచ్ఏగా మార్చి సొనలో చేర్చడంలో అది మనకన్నా చాలా మెరుగు. మన ఒంట్లో ఆ మార్పు నామమాత్రంగానే జరుగుతుంది. మేక ఆకు తింటే ఒమేగా-3 పొట్టలోనే పోతుందని చూశాం కదా, అదే ఆకు కోడి తింటే పనికొచ్చే రూపంలో గుడ్డులోకి వస్తుంది.

1989లో సిమోపౌలోస్, సేలం అనే ఇద్దరు శాస్త్రవేత్తలు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక చిన్న లేఖ ప్రచురించారు. గ్రీసు పల్లెలో ఆరుబయట తిరిగి గడ్డి, పురుగులు, గంగవావిలి కూర తిన్న కోళ్ళ గుడ్లలో ఒమేగా-6, ఒమేగా-3 నిష్పత్తి 1.3 ఉంది. అమెరికా మార్కెట్ గుడ్డులో 19 దాటింది. గంగవావిలి మన పెరళ్ళలో ఎవరూ నాటకుండానే మొలుస్తుంది. కలుపని పీకి పారేస్తాం, లేదా పప్పులో వేసుకుంటాం. ఆకుకూరల్లో ఒమేగా-3 ఎక్కువగా ఉన్నవాటిలో అదొకటి.

ఎండ సంగతి కూడా గుడ్డులోనే తేలుతుంది. జర్మనీలో చేసిన ఒక ప్రయోగంలో బయట ఎండలో తిరిగిన కోళ్ళ సొనలో విటమిన్ డి లోపల ఉంచిన వాటికన్నా మూడు నాలుగు రెట్లు వచ్చింది.

అయితే పెరటి కోడి గుడ్లు తక్కువ పెడుతుంది. నాటు పెట్ట ఏడాదికి అరవై డెబ్భై పెడితే గొప్ప, ఫారం కోడి మూడు వందలు దాటుతుంది. ఒడిశా బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలకి పెట్టే గుడ్లు ఫారం గుడ్లే, వాటిలో చాలా ఆంధ్రా నుంచి లారీల్లో వస్తాయి. ఆ గుడ్డులో మాంసకృత్తులకీ బి12కీ కొదవ లేదు, పిల్లవాడికి అది అందడమే ముఖ్యం. ఒమేగా-3 గుడ్డు అని పెట్టె మీద రాసి పట్నాల్లో అమ్మేవి చాలావరకు అవిసె గింజలు మేపిన ఫారం కోళ్ళవే. మోసం కాదు, ధరే ఎక్కువ.

మేత లోపలికి సులువుగా వస్తుందంటే చెడ్డ మేత కూడా అంతే సులువుగా వస్తుంది. పెరటి కోడి గింజతో పాటు మట్టి తింటుంది. ఒకప్పుడు మలేరియా కోసం గోడలకి డీడీటీ కొట్టిన ఊళ్ళలో ఆ మందు మట్టిలో చాలా ఏళ్ళు ఉంటుంది, కోడి కొవ్వులోకీ గుడ్డులోకీ చేరుతుంది. పాత పెయింటు రాలిన చోట, బ్యాటరీలు విప్పే చోట తిరిగిన కోడి గుడ్డులో సీసం రావచ్చు. గుణుపురం, బిసంకటక్ వైపు పత్తి బాగా పెరిగింది. పురుగుమందు కొట్టిన చేలోకి కోళ్ళని, మేకల్ని వెంటనే వదలకూడదు. పత్తి చెక్కలో గాసిపాల్ అనే పదార్థం ఉంటుంది, నెమరు వేసే జంతువులు దాన్ని కొంతవరకు తట్టుకుంటాయి, పెట్ట తింటే సొన ఆకుపచ్చగా, మడ్డిగా తిరుగుతుంది. బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క ఏ జంతువుకీ పెట్టకూడదు. అందులో పుట్టే అఫ్లటాక్సిన్ కార్జాన్ని పాడుచేస్తుంది, పాడి పశువు తింటే పాలలోకి కూడా వస్తుంది.

పెరట్లో నాలుగు పెట్టలు ఉన్నవాళ్ళకి ఖర్చు లేని మార్గాలు ఉన్నాయి. గంగవావిలి, మునగాకు, తోటకూర కాడల చివర్లు తరిగి రోజూ వేయాలి. మునగాకు ఎండాకాలంలోనూ పచ్చగా దొరుకుతుంది, మిగతా ఆకు కరువైన నెలల్లో అదే దిక్కు. చేపలు కడిగినప్పుడు మిగిలే తలలు, పేగులు ఉడికించి కొద్దిగా పెట్టవచ్చు, ఎక్కువైతే గుడ్డు నీచు వాసన వేస్తుంది. అవిసె గింజలైతే దాణాలో పదో వంతు మించకూడదు. మించితే అదే వాసన, పైగా పెట్ట మేత తగ్గిస్తుంది. వేసే నూకలు, తవుడు తగ్గించక్కర్లేదు, గుడ్డు పెట్టడానికి శక్తి అక్కణ్ణుంచే రావాలి. పెంకులు మెత్తబడితే ఆల్చిప్పలు దంచి ఒక మూల పోసి ఉంచండి, తనకి కావలసినంత అదే ఏరుకుంటుంది.